గట్టు మీద ఆగిన దీపం

ఈల ఆగిపోయిందన్న సంగతి తొమ్మిదో గుర్తు దగ్గరికి వచ్చాక గాని పెద్దకోడలికి తెలియలేదు. విరిగిపడిన మాను వెనక, మ్యాపులో చూపించిన చోటే, నారింజా తెలుపూ కలిసిన గుడ్డ వేలాడుతోంది. దాని కింది పెట్టెకి, చేరినట్టు లెక్క రాసుకునే చిప్పుని, వేలికి తొడుక్కున్నదాన్ని ఆనించింది, అది కీచుమంది, ఆ కీచు తర్వాత అడవిలో ఇంకేమీ లేదు. ఆకుల మీంచి నీళ్లు జారుతున్న చప్పుడు, తన ఊపిరి చప్పుడు, అంతే. ఇంతసేపూ ఎవరో వీపు మీద వేలితో పొడుస్తున్నట్టు వెంటపడి వచ్చిన ఈల లేదు. హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం తనని తనే నిలదీసుకుంది. దేనికి హమ్మయ్య? ఎవరో వెళ్లి ఉంటారు, వెళ్లి పట్టుకుని ఉంటారు, అందుకే ఆగింది. లేకపోతే, లేకపోతే ఏమిటి, ఊదే ఓపిక లేక ఆగింది. లేకపోతే ఊదే మనిషే... ఆ మాట పూర్తి చేయడానికి మనసు ఒప్పుకోలేదు.

ఇదేం ఆట అని అడిగితే, తన దగ్గర కారు నేర్చుకునేవాళ్లకి ఆమె నవ్వుతూ చెప్పేది, కోరి కోరి తప్పిపోయే ఆట అని. ఓరియెంటీరింగ్ అంటారు. రాత్రి పోటీ అయితే చీకటి పడ్డాక ఒక్కొక్కరినీ కాస్త ఎడం ఇచ్చి అడవిలోకి వదులుతారు. చేతిలో మ్యాపు, దిక్సూచి, నుదుటికి కట్టుకున్న లైటు. దారి ఉండదు. బండలూ వాగులూ బురదనేలా పడిపోయిన చెట్లూ, వాటి మధ్య ఎక్కడెక్కడో కట్టిన గుడ్డల్ని వరసగా పట్టుకుంటూ అందరికంటే తక్కువ సమయంలో బయటపడాలి. ఎవరికి వాళ్లే. పక్కవాడితో మాటలుండవు, సాయాలుండవు, ఒక్క సందర్భంలో తప్ప. ఆరేసి సార్లు ఆగి ఆగి ఊదే ఈల వినిపిస్తే, ఎంత ముందున్న వాళ్లయినా సరే, పోటీ వదిలేసి ఆ వైపు వెళ్లాలి. మొదలుపెట్టే ముందు సర్వేయరు ఈ మాట ప్రతిసారీ చదివి వినిపిస్తాడు. పోటీ నడిపేది ఆయనే. ఉద్యోగంలో ఉండగా భూములు కొలిచాడట, ఇప్పుడు అడవులు కొలుస్తున్నాడు. ఆయన చదువుతుంటే అందరూ బూట్ల తాళ్లు బిగించుకుంటూ ఉంటారు, ఆమె కూడా బిగించుకుంటూనే ఉంది, అది మనకి కాదులే అన్నట్టు.

ఎనిమిదో గుర్తు దాటి గట్టు ఎక్కగానే వినిపించింది, కుడివైపు కింద, వాగులోంచి. ఆమె ఆగింది. ఆగాలని అనుకోలేదు, కుడికాలు తనంతట తనే నేలని నొక్కేసింది. ఏళ్ల తరబడి డ్రైవింగ్ స్కూలు కారులో పక్కసీట్లో కూర్చుని, తనవైపున్న రెండో బ్రేకు మీద కాలు ఉంచుకుని బతికిన మనిషి, వంటింట్లో గిన్నె జారినా ముందు ఆ కాలే నేలని నొక్కుతుంది. కాలు ఆగింది గాని మనసు ఆగలేదు. అది ఎవరి ఈలో దానికి అప్పటికే తెలిసిపోయింది. మిగతావాళ్ల సంచీ పట్టీలకి ఉండేవి ప్లాస్టిక్ ఈలలు, పొడిపొడిగా అరుస్తాయి. ఇది ఉక్కుది, లోపల చిన్న గోళీ దొర్లుతుంది, వణుకుతూ పలుకుతుంది, ఈతకొలనులో పిల్లల్ని అదిలించే ఈల. ఈ అడవి మొత్తంలో అలాంటిది ఒక్క మెడలోనే వేలాడుతోంది. చిన్నకోడలు. కొలనులో పిల్లలకి ఈత నేర్పే తన తోటికోడలు. తనకంటే ముందు బయల్దేరి, ఎప్పటిలాగే దగ్గరదారి చూసుకుని వాగుకి అడ్డంపడి పోయిన మనిషి, అక్కడ కింద ఎక్కడో పడి ఉంది. ఇది తెలియడానికి రెప్పపాటు పట్టలేదు. ఇంకో రెప్పపాటులో ఇంకొకటి తెలిసింది. అయితే ఇప్పుడు నేను ముందున్నాను.

లైటు అటు తిప్పింది. వెలుగు వాగులోకి దిగలేదు, పొదల తలల మీదే ఆగిపోయింది. ఈల కూడా ఆగింది. చూశావా, ఆగింది, ఏమీ లేదు, కాలు మెలికపడి ఉంటుంది, లేచి ఉంటుంది, అనుకుంది. అలా అనుకోవడానికి ఎంతసేపు కావాలో అంతసేపే నిలబడి ముందుకి తిరిగింది. తిరగ్గానే ఈల మళ్లీ మొదలైంది. ఈసారి లెక్కా లేదు, మధ్యలో ఆగడమూ లేదు. గబగబా, ఎడతెరిపి లేకుండా, కొలనులో చిన్నపిల్ల ఎవరైనా తెలియక లోతువైపుకి కొట్టుకుపోతుంటే ఊదినట్టు ఊదింది. ఆ ఈల ఎవర్నో కాదు, ఈ దీపాన్నే పిలుస్తోంది. అది తెలిసే ఆమె నడిచింది, నడక కాస్తా పరుగైంది. ఏం పరుగది! ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత బాగా పరిగెత్తలేదు. మ్యాపు అరచేతి గీతలంత తేటగా ఉంది, బండలు తమంతట తాము పక్కకి జరిగి దారి ఇచ్చాయి, తొమ్మిదో గుర్తు వెతక్కుండానే ఎదురొచ్చి నిలబడింది.

ఇప్పుడు అదే గుర్తు దగ్గర తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడి, ఒక్కసారి వినిపిస్తే బాగుండును, తిట్టినట్టు వినిపించినా ఫరవాలేదు అని చెవులు రిక్కించింది. పదో గుర్తు దగ్గరే, ఆ వాలు దిగితే చాలు. మ్యాపు మీద వేలు దాని మీదే ఉంది, తీద్దామంటే అంటుకుపోయినట్టు రావడం లేదు. తర్వాత వెనక్కి తిరిగింది. తిరిగిందని గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. మంచితనం వెనక్కి లాగలేదు, భయం లాగింది. ముందు రేపు తెలిస్తే నా గతేమిటన్న భయం; ఆ తర్వాత, నాలుగు అడుగులు వేశాక, ఆ మనిషికి రేపంటూ లేకపోతేనో అన్న భయం. ఈ రెండూ ఆ వరసలోనే వచ్చాయి. వరస మారి ఉంటే ఎంత బాగుండేది అనుకుంటూ మాను మీంచి దూకింది.

వెళ్లిన అడవి వేరు, తిరిగి వచ్చే అడవి వేరు. వెళ్లేటప్పుడు ఎడమన ఉన్న బండ తిరిగొచ్చేటప్పుడు కుడివైపు ఉండాలి, కాని అది ఉండాల్సిన చోట పొద ఉంది, పొద వెనక ఇంకో పొద, లైటు పడినంత మేర తడి ఆకులు పళ్లికిలించినట్టు మెరవడం తప్ప ఇంకేమీ లేదు. ఇందాక దారి ఇచ్చిన రాళ్లే ఇప్పుడు మోకాళ్లకి తగులుతున్నాయి. కాళ్లు ఇక్కడ తడబడుతుంటే నోరు మాత్రం అక్కడికి చేరాక ఏం చెప్పాలో తయారుచేసుకుంటోంది. ఇప్పుడే విన్నానమ్మా, వినగానే వచ్చాను. కాదు, ఇప్పుడే అంటే ఎలా, ఈల ఆగి చాలాసేపయింది కదా. విన్నాను గాని ఎటునుంచో తెలియలేదు, గాలి అటూ ఇటూ తిప్పేసింది. ఇది బాగుంది. ఇది ఎవరైనా నమ్ముతారు, అడవిలో చప్పుడు ఏ వైపునుంచి వస్తోందో ఎవడు చెప్పగలడు. ఎంత చక్కగా కుదిరింది అబద్ధం, కుట్టులేని చొక్కాలా, అనుకునేసరికి తనమీద తనకే రోత పుట్టి, పక్కనున్న చెట్టుని అరచేత్తో ఒక దెబ్బ కొట్టింది. బెరడు గీరుకుపోయి చెయ్యి భగ్గుమంది. ఆ మంట హాయిగా అనిపించింది, అంతలోనే దానిలో దాక్కుందామనుకుంటున్నందుకు ఇంకా సిగ్గేసింది.

నా తోటికోడలు నాకేం చేసింది? ఏమీ చేయలేదు. అదే కదా బాధ. చేసి ఉంటే తిట్టుకోవడానికైనా ఒక దారి ఉండేది. ఒకే మేడలో కింద తామూ పైన వాళ్లూ, అన్నదమ్ములిద్దరికీ మధ్య పదిహేను మెట్లు. అత్తగారు ఏ ఇంట్లో ఉన్నట్టో తెలియకుండా ఆ మెట్ల మీదే కాపురం పెట్టినట్టు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఎక్కేటప్పుడు మొహం ఒకలా ఉంటుంది, దిగేటప్పుడు ఇంకోలా. పైన ఎప్పుడూ నవ్వులు. ఆ నవ్వులు తన గురించి కావని తెలుసు, అయినా అత్త కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, పైన నవ్వు వినిపించినప్పుడల్లా కింద గిన్నె కాస్త గట్టిగా పెట్టేది. తన కూతురు పెద్దమనిషైన సంగతి మొదట తెలిసింది కూడా చిన్నకోడలికే. కొలను దగ్గరే జరిగిందట. పిన్నీ, అమ్మకి చెప్పకు, నేనే చెప్పుకుంటాను అందట పిల్ల. ఈవిడ చెప్పలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది, ఎంత మంచి పిన్ని. రెండ్రోజులకి బడిసంచీలో ప్యాడ్ల పొట్లం కనిపించి, అడిగితే పిల్ల నేలచూపులు చూసింది. ఆ రోజు తనకి పిల్ల మీద కోపం రాలేదు. పైకెళ్లి, చాలా థాంక్సమ్మా, నువ్వు ఉండబట్టి సరిపోయింది అని చెప్పి, కిందికొచ్చి తలుపేసుకుంది. ఆ థాంక్సు లోపల ఇన్నాళ్లూ ఏం ఊరిందో ఇవాళ గట్టు మీద బయటపడింది. ఇన్నాళ్లూ ఊరి, చివరికి ఇంత చిన్న కోరికగా బయటికొచ్చింది. ఒక్క గుడ్డగుర్తుకి ముందు చేరాలన్న కోరిక. దానికోసం ఒక మనిషిని చీకట్లో వదిలేయడం. పెద్ద కారణం ఉన్న పాపమైనా చేయలేకపోయాను అనుకుంది.

కాలు చీలమండదాకా బురదలో దిగింది. ఈ బురదనేల ఇక్కడ ఉండకూడదు. మ్యాపు చూసింది, లైటు కింద గీతలన్నీ ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయాయి. గట్టు పైన ఉండాలి, కాని ఎటు చూసినా నేల పల్లంగానే ఉంది. దిక్సూచి చూపించే వైపు తప్పు అని కడుపు చెబుతోంది. దిక్సూచిని నమ్ము, కడుపులో గుబులుని నమ్మకు. ఈ మాట ఎవరిదో తలుచుకోకుండా ఉందామనుకుంది గాని అది ఆగుతుందా? గర్భసంచి తీసేశాక నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుని ఉన్న రోజులు, భర్త మందులు అందించి తలుపు దగ్గరే నిలబడిపోయేవాడు, లోపలికి వచ్చి కూర్చుంటే ఏం మాట్లాడాలో అతనికి తెలియదు. ఒకరోజు చిన్నకోడలు మంచం మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు మందుసీసాలు పెట్టి, తెలిసిన చోటే తిరుగుతుంటే మనిషి మొద్దుబారిపోతుందక్కా, రా, తప్పిపోదాం అంది. క్లోరిన్ వాసన వేసే చేత్తో ఈ చెయ్యి పట్టుకుని దిక్సూచి తిప్పడం నేర్పింది. ఎర్రముల్లు ఇటుంటే నువ్వు ఇటు. మొదటి పోటీలో చివరినుంచి రెండో స్థానం వస్తే, ముగింపు గీత దగ్గర తన కోసమే నిలబడి ఉంది, ఒంటికి తువ్వాలు చుట్టి, అక్కా నువ్వు తప్పిపోలేదు అని పదిమందిలో అరిచింది. ఎంత సంతోషమేసిందో. అంత సంతోషం ఆ మనిషి చేతుల్లోంచే అందుకోవాల్సి వచ్చినందుకు ఎంత గుచ్చుకుందో కూడా. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ముల్లు చూపించిన వైపే నడిచింది. కడుపు కాదంటూనే ఉంది. బురద తగ్గింది, రాయి తగిలింది, నేల మెల్లగా పైకి లేచింది.

గట్టు మీదికి వచ్చాక పిలవాలి. పిలవడానికి నోరు రాలేదు. పిలిస్తే, విన్నట్టు. విన్నట్టయితే, ఎప్పుడు విన్నావన్న ప్రశ్న. ఛీ, ఇంకా లెక్కలేనా! "చిన్నీ" అంది. అందరూ చిన్నకోడల్ని పిలిచే పేరదే. గొంతు గదిలో మాట్లాడుతున్నంత చిన్నగా వచ్చింది. గుండెలనిండా గాలి పీల్చి మళ్లీ పిలిచింది. వాగు చప్పుడు తప్ప బదులు లేదు. వాలు నిట్టనిలువుగా ఉంది, చెట్ల వేళ్లు పట్టుకుని, కూర్చుని, జారి, ఒక చోట రాయి విరిగి తనతో పాటే దొర్లింది. అది కిందున్న మనిషి మీద పడుతుందేమోనని గబుక్కున చెయ్యి చాపింది, అందలేదు. అప్పుడు వినిపించింది. నీళ్ల చప్పుడులో కలిసి, ఒకే తీరుగా, నిద్రలో మాట్లాడుతున్నట్టు. చెయ్యి చాపు. ఊపిరి వదులు. కాలు కొట్టు. చెయ్యి చాపు. ఊపిరి వదులు. కొలను గట్టు మీద నిలబడి పిల్లలకి చెప్పే పాఠం తనకి తనే చెప్పుకుంటోంది, ఊపిరి తప్పిపోకుండా. పెద్దకోడలు ఆ మాటల్ని పట్టుకునే దిగింది.

రెండు బండల మధ్య ఇరుక్కుని ఉంది చిన్నకోడలు. మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరులో లేదు. తలకి కట్టుకున్న లైటు పగిలి మెడలో వేలాడుతోంది. లైటు మొహం మీద పడగానే కళ్లు చికిలించి, ఎవరో పోల్చుకుని, "వచ్చావా అక్కా" అంది. అంతే అంది. ఎక్కడో పనిమీద వెళ్లిన మనిషి కాస్త ఆలస్యంగా ఇంటికొచ్చినట్టు. ఈల ఏదని అడిగితే, వేళ్లు మొద్దుబారి నీళ్లలో జారిపోయిందని చెప్పింది. పెద్దకోడలు సంచీలోంచి వెండికాగితం లాంటి పల్చటి దుప్పటి తీసి కప్పింది, తన చొక్కా విప్పి తలకింద పెట్టింది, కాలు కదల్చవద్దంది. వాగులో ఫోను పలకలేదు. మళ్లీ గట్టెక్కింది. పైకెక్కి ఫోను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాక గాని, తాను ఏ చోట నిలబడిందో చూసుకోలేదు. తన బూటు అచ్చు అక్కడే ఉంది. తడిమట్టిలో, కుడికాలిది, లోతుగా. దాని పక్కనే వెళ్లిపోయిన అడుగులు. సర్వేయరు ఫోను ఎత్తాడు. ఎక్కడ, ఎలా, స్పృహ ఉందా అని అడిగాడు, అన్నిటికీ సరైన జవాబులే చెప్పింది, ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య వాగు మలుపు దగ్గర అని ఒక్క అడుగు తప్పు లేకుండా చెప్పింది. గంట పడుతుందమ్మా, వెచ్చగా ఉంచండి, మాట్లాడిస్తూ ఉండండి, మీరుండబట్టి బతికిపోయింది అన్నాడాయన. ఆ అచ్చుని బూటుతో చెరిపేయాలనిపించింది. చెరపలేదు, చెరపనందుకు తానేదో మంచిపని చేసినట్టు ఒక క్షణం అనిపించింది కూడా, ఆ దిక్కుమాలిన మనసుకి.

కిందికొచ్చి దుప్పట్లో దూరి, వెనకనుంచి ఒళ్లు ఆనించి పడుకుంది. చిన్నకోడలి ఒళ్లు రాయిలా చల్లగా ఉంది. పల్చటి దుప్పటి ఊపిరి తీసినప్పుడల్లా గరగరమంటోంది. బ్యాటరీ మిగుల్చుకుందామని లైటు ఆర్పేసింది, నిజానికి మొహం కనిపించకుండా ఉంటుందని ఆర్పింది. చిన్నకోడలు వెనక్కి చెయ్యి పెట్టి ఈ చేతిని వెతుక్కుని పట్టుకుంది. మాట్లాడిస్తూ ఉండమన్నాడు కదా. ఏం మాట్లాడాలి? కాలు నొప్పిగా ఉందా అని అడిగింది, ఎంత తెలివితక్కువ ప్రశ్న. నొప్పి తెలియడం లేదక్కా, అదే భయంగా ఉంది అంది చిన్నకోడలు. తర్వాత కాసేపటికి, నెమ్మదిగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"పైన ఎవరో ఆగారక్కా. గట్టు మీద. దీపం ఇటు తిరిగింది. విన్నారులే, దిగి వచ్చేస్తారులే అని ఊదడం ఆపేశాను. ఊపిరి దాచుకుందామని."

పెద్దకోడలి చెయ్యి బిగుసుకుంది. చీకట్లో ఆ బిగుసుకోవడం ఎంత గట్టిగా వినిపిస్తుందో ఆమెకి అప్పుడు తెలిసింది.

"తర్వాత వెళ్లిపోయారు. ఎవరో ఏమో. అక్క అయ్యుంటుందా అని ఒకసారి అనుకున్నాను. అక్క అయితే వెళ్లిపోదు కదా అని మళ్లీ నేనే అనుకున్నాను."

కుట్టులేని ఆ అబద్ధం నాలుక కొసమీదే ఉంది. గాలి తిప్పేసింది, ఎటునుంచో తెలియలేదు. ఇప్పుడు చెప్పేస్తే చాలు, ఈ పిల్ల నమ్ముతుంది, నమ్మడానికి సిద్ధంగా చెయ్యి పట్టుకుని పడుకుని ఉంది. అంతకంటే సులువు, అసలు ఏమీ చెప్పకపోవడం. అయ్యో, ఎవరో పాపిష్టి మనిషి అని నిట్టూర్చినా సరిపోతుంది. ఆ నిట్టూర్పు గుండెల్లో తయారై పైకి లేచింది కూడా. లేచిన నిట్టూర్పుని ఏం చేయాలో తెలియక ఆమె ఊపిరి బిగబట్టింది. ఎంతసేపు బిగబట్టిందో, దుప్పటి చప్పుడు ఆగిపోయింది. వాగు పారుతూనే ఉంది. చిన్నకోడలు, ఏమైందక్కా అంది.

"అది నేనే."

ఎందుకంటే, అని మొదలుపెట్టబోయింది. ఆ ఎందుకంటే తర్వాత ఏం పెట్టినా, మెట్లు పెట్టినా, నవ్వులు పెట్టినా, కూతురి బడిసంచీ పెట్టినా, ఈ విరిగిన కాలు పక్కన అవన్నీ చిల్లర సామానులా ఉన్నాయి. చిన్నకోడలి వేళ్లు ఈ వేళ్లలోంచి ఒక్కొక్కటే జారుకున్నాయి. విదిలించలేదు. నిద్రపోతున్న పిల్ల పక్కనుంచి లేచినట్టు, మెల్లగా తీసేసుకుంది. తలకొట్టేసినట్టయింది పెద్దకోడలికి. దూరంగా జరిగిపోదామనుకుంది. జరగడానికి లేదు. జరిగితే ఆ ఒంట్లో మిగిలిన వెచ్చదనం కూడా పోతుంది. మొహం చూపించలేని మనిషిని ఎవరైనా వదిలి వెళ్లిపోతారు, కనీసం గోడవైపైనా తిరుగుతారు. ఆమెకి ఆ పాటి అవకాశం కూడా లేదు. ఆ మనిషి వీపుకి తన గుండె ఆనించి, చేతులు ఆమె చుట్టూ వేసి, ఆమె వణుకుని తన ఒంట్లోకి తీసుకుంటూ, ఆమె జుట్టులోని క్లోరిన్ వాసన పీలుస్తూ, అలాగే పడి ఉండాలి. ఏడుపు వచ్చింది. ఏడిస్తే కుదుపుకి కాలు కదులుతుందేమోనని పెదవి కొరికి పట్టింది. నాకిప్పుడు ఏడ్చే హక్కు కూడా ఆవిడ కాలి మీద ఆధారపడి ఉంది అనుకుంది. తిట్టదేం? తిడితే బాగుండును. అత్తగారికి చెబుతానంటే బాగుండును. నా కూతురికి చెబుతానంటే? పిల్ల చెప్పొద్దన్న మాటని దాచిన మనిషి, దీన్ని కూడా దాస్తుందా? దాస్తే జీవితమంతా ఆ పదిహేను మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా... దాచకపోతేనే నయం. కాదు, దాచితేనే. ఏది నయమో తేల్చుకోలేక ఆమె చీకట్లోకి కళ్లు విప్పి చూస్తూ ఉండిపోయింది. ఆ చీకటి ఎంత చిక్కగా ఉందంటే, ఇందులో ఒక్క దీపం గట్టు మీద ఆగితే ఎంత పెద్దగా కనిపించి ఉంటుందో ఇప్పుడు కింద పడుకుంటే గాని అర్థం కాలేదు.

చాలాసేపటికి చిన్నకోడలు మాట్లాడింది. గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు, ఏదో సంగతి తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"ముందుండటం ఎలా ఉందక్కా?"

పెద్దకోడలు ఆలోచించలేదు. ఆలోచిస్తే మళ్లీ ఏదో ఒకటి కుట్టేస్తుందని భయం.

"బాగుంది" అంది. "ఆ కాసేపూ చాలా బాగుంది."

చిన్నకోడలి వీపు కదిలింది, నవ్వో ఏడుపో చలో తెలియలేదు. తర్వాత, ఎడమ భుజం గడ్డకట్టుకుపోతోంది, కొంచెం ఇటు జరుగు అంది. పెద్దకోడలు జరిగింది. మాట్లాడిస్తూ ఉండమన్నది గుర్తొచ్చి, ఆమె ఆగి ఆగి, చెయ్యి చాపు, ఊపిరి వదులు అంటూ ఉంటే, చిన్నకోడలు ఒక్కోసారి కాలు కొట్టు అని అందించింది, ఒక్కోసారి అందించలేదు. అందించనప్పుడల్లా ఈమె మళ్లీ మొదటినుంచి చెప్పేది.

దీపాలు గట్టు మీద కనిపించాయి, వరసగా, ఊగుతూ. అవి ఆగలేదు, నేరుగా కిందికి దిగాయి. సర్వేయరు ముందు వచ్చాడు, వెనక ఇద్దరు స్ట్రెచరు మోసుకొచ్చారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని నాడి చూసి, కళ్లలో లైటు వేసి, స్పృహ ఎంత ఉందో తెలుసుకోవడానికి అడిగే ప్రశ్నలు అడిగాడు. ఏ రోజు, ఏ ఊరు, ఏం పని చేస్తావు. అన్నిటికీ సరిగ్గా చెప్పింది చిన్నకోడలు. నిన్ను కనిపెట్టింది ఎవరమ్మా అని అడిగాడు చివరికి.

"మా అక్క" అంది. "రెండుసార్లు."

సర్వేయరు తలెత్తి మిగతా ఇద్దరివైపు చూశాడు. చలికి మాట తడబడుతోంది, త్వరగా ఎత్తండి అన్నాడు. ఒకతను ఇంకో దుప్పటి విప్పుతున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, ఆ మాట అలాగే వాగులో కొట్టుకుపోయేది. చిన్నకోడలు కళ్లు మూసుకుంది. కావాలంటే పోనీ, అన్నట్టు.

"తడబడలేదండీ" అంది పెద్దకోడలు. "సరిగ్గానే చెప్పింది. మొదటిసారి ఈల విని, ఎవరిదో తెలిసి, వెళ్లిపోయాను."

మూడు లైట్లూ ఆమె మొహం మీదికి తిరిగాయి. కళ్లకి ఏమీ కనిపించలేదు. ఒక లైటు ముందుగా నేలవైపు దిగింది, తర్వాత రెండోది. సర్వేయరు లైటు ఇంకాసేపు ఉండి, పక్కకి తప్పుకుంది. ఆయన గొంతు సవరించుకుని, విరిగిన కాలికి చెక్క కట్టించి, స్ట్రెచరు మీదికి ఎక్కించి పట్టీలు బిగించమన్నాడు. పెద్దకోడలు వెనక కొస పట్టుకోవడానికి వంగింది, వెనక ఉంటే ఎవరి కళ్లూ తన మీద పడవని. ఆయన వద్దన్నాడు. ఇప్పుడు ఆమెని మీరు అనకుండా, నువ్వు అనకుండా, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"ఈ వాగూ గట్టూ ఇప్పటికే ఎక్కి దిగిన మనిషి ముందు నడవాలి. దారి చెబుతుంటే మేం మోస్తాం."

ఆమె ముందు నడిచింది. నుదుటి మీది లైటు వెలిగించి, ఒక్కో అడుగూ తను వేసి చూసి, వెనకవాళ్లకి చెబుతూ. రాయి ఉంది. ఇక్కడ వేరు. ఎడమకి రండి. వెనకనుంచి స్ట్రెచరు కిర్రుమనడం, మోస్తున్నవాళ్ల ఆయాసం, మధ్యలో చిన్నకోడలు సన్నగా మూలిగిన చప్పుడు. ఆ మూలుగుకి వెనక్కి తిరగాలనిపించింది. తిరిగితే లైటు కూడా తిరుగుతుంది, వెనకవాళ్ల కాళ్ల ముందు చీకటి పడుతుంది. వాలు దగ్గర మట్టి జారుతోంది. ఆమె ఒక చెట్టు మొదలు పట్టుకుని, కాలితో తన్ని చూసుకుని, పక్కకి ఒదిగి నిలబడింది.

"ఇక్కడ జారుతుంది" అంది. "మెల్లగా రండి."